ఆ చేవ్రాలు ఎవరి చేతిది?

అభిమాన తారల ఆటోగ్రాఫులు ఇప్పుడు ఫోన్‌లోనే బేరానికి వస్తున్నాయి. డబ్బు చెల్లించే ముందు ఏం చూడాలి, ఏం అడగాలి? ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి సీమ మనుషుల సంతకాలను ముందు పెట్టుకుని ఒక పరిశీలన.

ఏలూరులో పుట్టినవాళ్లలో ఎవరి సంతకం ఎక్కువ చేతులు మారిందని అడిగితే చాలామంది సినిమావాళ్ల పేర్లు చెబుతారు. అసలు జవాబు దువ్వూరి సుబ్బారావు. 1949లో ఏలూరులో పుట్టిన ఆయన 2008 సెప్టెంబరు నుంచి 2013 సెప్టెంబరు దాకా రిజర్వు బ్యాంకు గవర్నరు. ఆ కాలంలో అచ్చయిన నోట్ల మీద ఉన్నది ఆయన చేవ్రాలే. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో, కైకలూరు చేపల బేరాల్లో, ద్వారకా తిరుమల చినవెంకన్న హుండీలో ఆ సంతకం లెక్కలేనన్నిసార్లు తిరిగింది. అయినా అందులో ఒక్కటి కూడా ఆయన పెన్ను పెట్టి రాసింది కాదు. అంతా అచ్చు. ఆటోగ్రాఫ్ కొనబోయేవాళ్లు మొదట తేల్చుకోవలసింది ఇదే: ఈ సిరాను ఈ కాగితం మీద ఆ మనిషే పెట్టారా, యంత్రం పెట్టిందా, ఇంకొకరి చెయ్యి పెట్టిందా?

ఈ ప్రశ్నకు ఇవాళ ఇంత అవసరం ఎందుకొచ్చిందో కూడా చెప్పుకోవాలి. ఒకప్పుడు తిరుపతి యాత్రకు వెళ్లిన బస్సులు అక్కడి నుంచి మద్రాసు దాకా పోయి, బజుల్లా రోడ్డులో ఎన్టీ రామారావు ఇంటి ముందు ఆగేవి. వెంకన్నను చూసి, రాముడిగా కృష్ణుడిగా తెర మీద కనిపించే మనిషిని చూసి, ఇళ్లకు తిరిగొచ్చేవాళ్లు. నోటుబుక్కులో సంతకం దొరికితే అదే ప్రసాదం. ఇప్పుడు ద్వారకా తిరుమలకు ఏ నటుడు దర్శనానికి వచ్చినా మెట్ల దగ్గర పైకి లేచేవి ఫోన్లే. సెల్ఫీ వచ్చాక కాగితం, పెన్ను పట్టుకుని ఎదురు చూసేవాళ్లు తగ్గిపోయారు. పాత సంతకాలు ఎన్ని ఉన్నాయో అన్నే. ఎన్టీఆర్ 1996లో వెళ్లిపోయారు. అక్కినేని, బాపు 2014లో. కృష్ణంరాజు, కృష్ణ, కైకాల సత్యనారాయణ ముగ్గురూ 2022లోనే. పెరగని సరుకుకు గిరాకీ పెరిగినప్పుడు దొంగ సరుకు పుట్టుకొస్తుంది.

సంతకం మనకు తెలిసినట్టే ఉందా లేదా అన్నది నేనైతే అన్నిటికంటే చివర చూస్తాను. దొంగ సంతకం చేసేవాడు మొట్టమొదట సాధించేది ఆ పోలికే. అతనికి కష్టమైనవి వేరే ఉన్నాయి. మన కన్ను అటు తిరగాలి.

ఫ్రేము విప్పించండి

ద్వారకా తిరుమల కొండ కింద దేవుడి పటాలు అమ్మే కొట్లు చూశారు కదా. అద్దం, చెక్క చట్రం, వెనక అట్ట పడగానే మామూలు కాగితానికి కూడా ఎక్కడలేని గౌరవం వస్తుంది. ఆటోగ్రాఫులు కూడా చాలావరకు ఇలాగే ఫ్రేము కట్టి వస్తాయి. అద్దం వెనక ఉన్నంతసేపు అచ్చుకూ సిరాకూ తేడా తెలియదు. కాబట్టి మొదటి షరతు, ఫ్రేము విప్పి చూపించాలి. విప్పనంటే బేరం అక్కడితో ఆపేయండి.

విప్పాక బంగారం పనివాళ్లు వాడే పదిరెట్ల భూతద్దం పెట్టి చూడండి. అచ్చయిన సంతకంలో గీత చిన్న చిన్న చుక్కలుగా విడిపోతుంది. ఇంక్‌జెట్ ప్రింటరులో తీసిందైతే అంచుల్లో రంగురంగుల తుంపర కనిపిస్తుంది. పాళీ సిరా కాగితపు నారలోకి ఇంకుతుంది, అంచులు కొద్దిగా పాకుతాయి. బాల్‌పెన్ను కాగితాన్ని నొక్కుకుంటూ పోతుంది కాబట్టి వెనక్కి తిప్పి వేలితో తడిమితే ఆ గాడి తగులుతుంది. ఫోటో మీది సంతకమైతే దీపం ఏటవాలుగా పట్టి చూడండి. సిరా నిగారింపు వేరు, ఫోటో నిగారింపు వేరు. రెండూ ఒకే మెరుపుతో ఉంటే సంతకం ఫోటోలో భాగమే, ఫోటోతోపాటు అచ్చయిందే.

ఇలా అచ్చయినవన్నీ మోసం అనుకోకూడదు. అభిమానుల ఉత్తరాలకు జవాబుగా సంతకంతో సహా అచ్చువేసిన ఫోటోలు పంపడం సినిమా లోకమంతటా ఉన్న ఆచారం. సినిమా పత్రికలు కూడా నటుల బొమ్మలను సంతకంతో కలిపి వేసేవి. అవి జ్ఞాపకాలే, ఇంట్లో పెట్టుకోదగినవే. దాన్ని స్వహస్తాలతో చేసిన సంతకమని చెప్పి అమ్మినప్పుడే మోసమవుతుంది.

బాపు దగ్గర ఈ చిక్కు రెండింతలు. నరసాపురంలో పుట్టిన ఈ మహానుభావుడి బొమ్మలు తెలుగు దేశంలో వెళ్లని ఇల్లు లేదు. ప్రతి బొమ్మ కింద ఆయన పేరు ఉంటుంది. కానీ మన చేతికి వచ్చేవన్నీ దాదాపు అచ్చు ప్రతులే. పైగా ఆయన రాత అచ్చు అక్షరంగా మారి కంప్యూటర్లలోకి ఎక్కింది. శుభలేఖల మీద, కొట్ల బోర్డుల మీద రోజూ కనిపిస్తుంది. ‘అచ్చం బాపు రాతలాగే ఉంది’ అన్న మాట సాక్ష్యంగా పనికిరాదు. రెండే అక్షరాల పేరు కాబట్టి అనుకరించడమూ తేలిక. బాపు సంతకం కొనాలనుకుంటే సంతకం ఒక్కటే ఉన్నదాని జోలికి పోకుండా, పేరు పెట్టి రాసిన ఉత్తరమో, పోస్టుకార్డో, తపాలా ముద్ర ఉన్న కవరో వెతకమంటాను. చేతిరాత ఎంత ఎక్కువ ఉంటే దొంగకు అంత కష్టం.

తేదీలు కుదరాలి

భూతద్దం కంటే పదునైన సాధనం ఒకటుంది. దానికి పైసా ఖర్చు లేదు. ఆ మనిషి జీవితం, ఆ కాగితం, ఆ పెన్ను ఒకే కాలంలో కలిసే వీలుందా అని లెక్క వేయడమే.

ఏలూరు పక్కనే ఉన్న సోమవరప్పాడు ఎల్.వి.ప్రసాద్ సొంతూరు. ఆయన అసలు పేరు అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు. సినిమా పిచ్చితో బొంబాయి చేరాక, అక్కడి కంపెనీలో అంత పొడుగు పేరు పలకలేక ఎల్.వి.ప్రసాద్‌గా కుదించారని ఆయన కథ చెప్పేవాళ్లంతా చెబుతారు. 1931లో వచ్చిన ‘ఆలం ఆరా’లోనూ, తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లోనూ వేషాలు వేసిన మనిషి ఆయన. ఇక ఆలోచించండి. ఊళ్లో కుర్రవాడిగా ఉన్న 1920ల నాటి కాగితం మీద ‘ఎల్.వి.ప్రసాద్’ అన్న సంతకం కనిపిస్తే, చేతిరాత దాకా వెళ్లనక్కర్లేదు. ఆ పేరు అప్పటికి పుట్టనే లేదు.

ఏలూరు దగ్గరి కొవ్వలి నుంచి వెళ్లిన విజయలక్ష్మి సంగతీ అంతే. తమిళ చిత్రం ‘వండిచక్కరం’ 1980లో విడుదలై, అందులోని పాత్ర పేరు ఆమెకు అంటుకున్నాకే ఆమె సిల్క్ స్మిత అయింది. 1996 సెప్టెంబరులో చనిపోయింది. అంటే ఆ పేరుతో ఆమె సంతకం చేసే కాలం పదహారేళ్లే. బతికున్నప్పుడు ఆమెను మనిషిగా గౌరవించినవాళ్లు తక్కువ. 2011లో ఆమె కథను పోలిన హిందీ సినిమా వచ్చాక ఆమె వస్తువులకు మోజు పెరిగింది. నాలుగో తరగతితో చదువు ఆగిపోయిన ఆ పిల్ల కష్టపడి నేర్చుకున్న సంతకాన్ని ఎవడో గీసి అమ్ముకోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. కొనేవాళ్లు ఆమె విషయంలో రెట్టింపు జాగ్రత్తగా ఉండాలని కోరుకుంటాను.

స్టిల్ ఫోటో మీద సంతకం ఉంటే అది ఏ సినిమాదో కనిపెట్టండి. ‘దాన వీర శూర కర్ణ’ 1977 జనవరిలో విడుదలైంది. అందులోని దుర్యోధనుడి ఫోటో మీద 1974 అని తేదీ వేసి ఉంటే ఆ తేదీ అబద్ధం. కరెన్సీ నోటు మీద ఆటోగ్రాఫ్ తీసుకోవడం మనవాళ్లకు అలవాటు. నోట్ల మీద రాయవద్దని రిజర్వు బ్యాంకు ఎన్నిసార్లు చెప్పినా ఈ అలవాటు పోలేదు. అయితే ఆ నోటే తన వయసు తాను చెబుతుంది. ఏ గవర్నరు సంతకంతో అచ్చయిందో చూడండి. 2005 తర్వాతి నోట్ల వెనక అచ్చయిన సంవత్సరమే ఉంటుంది. గాంధీ బొమ్మ ఉన్న పది రూపాయల నోటు 1996 నడిమిలో వచ్చింది. ఎన్టీ రామారావు అదే ఏడాది జనవరి 18న కన్నుమూశారు. ఆ నోటు మీద ఆయన సంతకం ఉండే వీలే లేదు. ఘంటసాల బొమ్మతో తపాలా బిళ్ల 2003లో విడుదలైంది, ఆయన 1974లోనే పోయారు. దాని మొదటి రోజు కవరు మీద ఆయన చేవ్రాలు అని ఎవరైనా చూపిస్తే దండం పెట్టి వచ్చేయండి.

పెన్ను కూడా సాక్ష్యం చెబుతుంది. బాల్‌పెన్ను రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో గానీ మార్కెట్లోకి రాలేదు. స్కెచ్ పెన్నులాంటి మెత్తటి మొనల పెన్నులు 1960ల మొదట్లో జపాన్ నుంచి ప్రపంచానికి పరిచయమయ్యాయి. ‘మాయాబజార్’ 1957లో వచ్చింది. ఆ ఏడాది తేదీతో స్కెచ్ పెన్ను గీతలో ఎస్వీ రంగారావు సంతకం కనిపిస్తే నమ్మే పని లేదు.

ఆ రోజుల్లో గోదావరి జిల్లాల సంతకాలకు పాళీ పెన్నే దిక్కు. రాజమండ్రిలో కె.వి.రత్నం 1932లో స్వదేశీ పెన్నుల పని మొదలుపెట్టారు. ఆ పెన్ను అందుకున్న గాంధీజీ 1935 జూలైలో మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. పాళీ గీతలో ఒత్తిన చోట లావు, తేల్చిన చోట సన్నం ఉంటుంది. సిరా అయిపోతున్నప్పుడు గీత వెలిసిపోతుంది, మళ్లీ ముంచితే ముదురుతుంది. ఇవన్నీ సహజంగా కుదిరేలా దొంగ సంతకం చేయడం చాలా కష్టం.

ఇక కాగితం. దుకాణాల్లో దొంగనోట్లు పట్టుకునే నీలి అల్ట్రావయొలెట్ దీపం ఉంటుంది కదా, దాని కింద పెట్టండి. 1950ల నుంచి కాగితాల్లో, ఫోటో పేపర్లలో తెల్లదనం కోసం ఒక రసాయనం కలుపుతున్నారు. అది ఆ దీపం కింద నీలంగా వెలుగుతుంది. 1930ల నాటి ఉత్తరం అంటున్నది అలా వెలిగితే వయసు తప్పు చెప్పినట్టే. మన ప్రాంతానికి ప్రత్యేకమైన మాట ఇంకొకటి. కొల్లేటి చుట్టుపక్కల ఇళ్లలో అరవై ఏళ్లున్న కాగితానికి ఆ గాలిలోని తేమ తగలకుండా ఉండదు. అంచుల్లో పసుపు, మధ్యలో తేట, మడత దగ్గర చీలిక, పురుగు తిన్న కన్నాలు ఉంటాయి. ఆకివీడులో తాతగారి ట్రంకు పెట్టెలో ఉందని చెప్పిన ఆల్బం మల్లెపువ్వులా తెల్లగా ఉంటే అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. అంతటా ఒకే రంగులో పాతబడి ఉన్నా అడగాల్సిందే. టీ నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితం అలాగే ఉంటుంది.

తలకట్టు దగ్గర ఆగిన పెన్ను

ఇవన్నీ దాటాకే సంతకం గీతను చూడాలి. సంతకం చేసే మనిషి అక్షరాల గురించి ఆలోచించడు. చెయ్యి దానంతట అదే వెళ్లిపోతుంది. దొంగ మాత్రం ప్రతి వంపూ ఆలోచించి గీస్తాడు. అందుకే పోలికను పక్కనపెట్టి వేగాన్ని చూడండి. వేగంగా సాగిన గీత మొదలయ్యే చోటా ముగిసే చోటా సన్నగా తోకలా పోతుంది. నెమ్మదిగా గీసిన దానికి రెండు కొసలూ మొద్దుగా ఉంటాయి. నడిమిలో పెన్ను ఆగి, ఎత్తి, మళ్లీ పెట్టిన అతుకులు భూతద్దంలో కనిపిస్తాయి. ఒక గీత మీదే రెండోసారి దిద్దిన చోట్లు కనిపిస్తే మరీ అనుమానించాలి. తన సంతకాన్ని తానే దిద్దుకునేవాళ్లు అరుదు.

తెలుగులో చేసిన సంతకాలు ఈ పరీక్షకు ఇంగ్లిషువాటికంటే బాగా లొంగుతాయని నా అభిప్రాయం. మన అక్షరాలన్నీ గుండ్రాలు. గుండ్రం ఎక్కడ మొదలై ఎటు తిరిగిందో అది మనిషి మనిషికీ వేరు. కొందరు తలకట్టును అక్షరంతోపాటే ఒక్క ఊపులో లాగేస్తారు. కొందరు పేరంతా రాసి చివర్లో తలకట్లన్నీ పెడతారు. కొందరు వాటిని పూర్తిగా వదిలేస్తారు. గుడి, కొమ్ము, ఏత్వం, వత్తు, ప్రతిదానికీ సొంత వరుస ఉంటుంది. నకలు చేసేవాడు ఆకారాన్ని పట్టుకుంటాడు గానీ వరుసను పట్టుకోలేడు. ఒకదాని మీద ఒకటి దాటిన గీతల్లో ఏది కింద, ఏది పైన ఉందో భూతద్దంలో చూస్తే కొన్నిసార్లు ఆ వరుస బయటపడుతుంది.

వయసు మీదపడిన మనిషి చెయ్యి వణుకుతుంది, నిజమే. ఆ వణుకులో కూడా గీత ముందుకు పోతూనే ఉంటుంది. దొంగ వణుకు గీత ఎటు పోవాలో తెలియక ఆగి ఆగి వస్తుంది.

ఇంకో మాట చాలామందికి వింతగా అనిపిస్తుంది. పుస్తకంలో చూసిన సంతకంతో మీ దగ్గరున్నది రవ్వంత తేడా లేకుండా సరిపోతే సంతోషపడకండి. ఒకే మనిషి చేసిన రెండు సంతకాలు అచ్చంగా ఒకదాని మీద ఒకటి కూర్చోవు. 1868లో అమెరికాలో హౌలాండ్ వీలునామా వ్యాజ్యంలో ఇదే గొడవ. రెండు సంతకాల్లోనూ ముప్పై నిలువు గీతలు ఒకదానితో ఒకటి సరిపోయాయి. హార్వర్డ్ గణిత పండితుడు బెంజమిన్ పియర్స్ లెక్కలు వేసి, సహజంగా అలా జరగడం అసాధ్యమని కోర్టులో సాక్ష్యం చెప్పాడు. మరీ సరిపోవడమే ఒకదాన్ని చూసి మరొకటి గీశారనడానికి గుర్తయింది.

పోల్చేటప్పుడు ఏ కాలం సంతకాన్ని ఏ కాలం దానితో పోలుస్తున్నామో చూసుకోవాలి. సావిత్రి విషయం తెలుగువాళ్లందరికీ తెలుసు. జెమినీ గణేశన్‌తో పెళ్లి సంగతి లక్స్ సబ్బు ప్రకటన దగ్గర ‘సావిత్రి గణేశ్’ అని చేసిన సంతకంతో బయటపడిందని చెప్పుకుంటారు. అంతకు ముందరి సంతకంతో పోల్చి దాన్ని తప్పనలేం. గాంధీజీ కుడిచెయ్యి అలిసిపోతే ఎడమచేత్తో రాసేవారు, ‘హింద్ స్వరాజ్’ చేతిప్రతిలో కొన్ని పేజీలు అలా రాసినవే. తెలుగుతో సహా పలు లిపుల్లో సంతకం చేసేవారు కూడా. ఆయన సంతకం ఒకటి ఇంకొకదాన్ని పోలలేదని కొట్టేయడం ఎంత తొందరపాటో, పోలిందని కొనేయడమూ అంతే తొందరపాటు.

ప్రోనోటు నేర్పిన విద్య

నిజం చెప్పాలంటే ఈ విద్య మన ప్రాంతానికి కొత్త కాదు. చెరువు లీజులు, చేపల మేత బాకీలు, ధాన్యం అడ్వాన్సులు అన్నీ ప్రోనోట్ల మీద నడిచే నేల ఇది. రెవెన్యూ స్టాంపు మీదుగా పెట్టిన సంతకం ‘నాది కాదు’ అని బాకీదారు అడ్డం తిరగడం కోర్టుల్లో మామూలే. ఇలాంటి వ్యాజ్యాలు నడిపే వకీళ్లకు, దస్తావేజులు రాసేవాళ్లకు, బ్యాంకులో స్పెసిమెన్ కార్డు పక్కన పెట్టి చెక్కు చూసే క్యాషియర్లకు ఉన్న కన్ను చాలామంది ఆటోగ్రాఫు వ్యాపారులకు ఉండదు. కొనే ముందు అలాంటి ఒకరికి చూపించడం మంచిది.

కోర్టులు పాటించే పద్ధతిలో మనకు పనికొచ్చే సంగతులు రెండున్నాయి. వివాదం మొదలయ్యాక చేసిన సంతకాలకంటే, ఆ నోటు రాసిన కాలానికి దగ్గరగా, ఏ అనుమానమూ లేని సందర్భంలో చేసిన సంతకాలకే పోలికలో విలువ ఎక్కువ. రెండోది, నిపుణుడి మాటను ఎంతవరకు నమ్మాలన్నది. మురారీలాల్ వర్సెస్ మధ్యప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి ఓ.చిన్నపరెడ్డి. చేతిరాత నిపుణుడి అభిప్రాయాన్ని వేరే ఆధారం లేదన్న ఒక్క కారణంతో తోసేయనక్కర్లేదు గానీ, ఆ శాస్త్రం ఇంకా పరిపూర్ణం కాలేదు కాబట్టి జాగ్రత్తగా చూడాలని, నిపుణుడు చెప్పే కారణాలను తరచి చూడాలని, మిగతా సాక్ష్యంతో కలిపి తూచాలని అందులో చెప్పారు. ఆటోగ్రాఫు కొనేవాళ్లకు ఇంతకంటే మంచి సలహా నాకు దొరకలేదు. ‘ఇది నిజమే’ అని చెప్పిన నిపుణుణ్ణి ‘ఎందుకు?’ అని అడగండి. కారణం చెప్పలేని నిపుణుడి మాటకు డబ్బు పెట్టకండి.

హైదరాబాద్ రామంతాపూర్‌లో కేంద్ర ప్రభుత్వ ప్రశ్నిత పత్రాల పరిశీలన కార్యాలయం ఉంది. అది ప్రధానంగా కోర్టులు, పోలీసులు, ప్రభుత్వ శాఖలు పంపే కేసుల కోసం. మామూలు కొనుగోలుదారు బేరం చేసుకునే ముందు తానే కన్ను తెరిచి చూసుకోవాలి.

చేసింది మనిషే, కానీ ఆ మనిషి కాదు

సిరా నిజం, కాగితం నిజం, కాలం నిజం. అయినా సంతకం వేరేవాళ్లది కావచ్చు. గుట్టలుగా ఉత్తరాలు వచ్చే ఏ తారైనా అన్నిటికీ తానే సంతకం చేయడం సాధ్యం కాదు. బీటిల్స్ బృందం కోసం వాళ్ల రోడ్డు మేనేజర్లు నీల్ ఆస్పినాల్, మాల్ ఎవాన్స్ చేసిన సంతకాలు ఇప్పటికీ కొనేవాళ్లను తికమక పెడుతున్నాయి. పెన్ను పట్టుకుని రాసే ఆటోపెన్ యంత్రం అమెరికా అధ్యక్షుల కార్యాలయాల్లో ఎప్పటి నుంచో ఉంది. 2022 నవంబరులో బాబ్ డిలాన్ పుస్తకం సంగతి చూడండి. ప్రచురణకర్తలు ఒక్కో ప్రతి 599 డాలర్లకు, స్వయంగా సంతకం చేసినవని చెప్పి అమ్మారు. కొన్నవాళ్లు తమ తమ ప్రతుల ఫోటోలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే సంతకాలు ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. యంత్రంతో చేయించిన మాట నిజమేనని ప్రచురణకర్తలు ఒప్పుకుని డబ్బు తిరిగిచ్చారు, డిలాన్ క్షమాపణ చెప్పారు. అంత పెద్ద సంస్థ ఇచ్చిన హామీ ఉత్తరాన్ని మించి, కొన్నవాళ్ల కళ్లే పనిచేశాయి. యంత్రపు గీతలో ఒత్తిడి మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటుంది, పెన్ను దిగిన చోటా లేచిన చోటా చిన్న చుక్క పడుతుంది.

ఇదంతా దృష్టిలో పెట్టుకుంటే, ఏ రాజకీయ నాయకుడి లెటర్‌హెడ్ మీద వచ్చిన శుభాకాంక్షల సంతకానికైనా, అది ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల నాటిదే అయినా, నేను పెద్ద ధర పెట్టను. అదే మనిషి తన చేత్తో చేయక తప్పని కాగితాలున్నాయి. ఎన్టీ రామారావు సినిమాల్లోకి వెళ్లే ముందు 1947లో గుంటూరు జిల్లా ప్రత్తిపాడులో సబ్‌ రిజిస్ట్రారుగా చేరి మూడు వారాలకే ఉద్యోగం వదిలేశారు. ఆ కొద్ది రోజుల దస్తావేజుల మీద అధికారి సంతకం ఇంకొకరు పెట్టేది కాదు. నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావు నటుడు కాకముందు అగ్నిమాపక శాఖలో ఉద్యోగి. ఇలాంటి సర్కారీ కాగితాలు అమ్మకానికి రాకూడదు, వస్తే కొనకూడదు. కానీ పోల్చడానికి వాటిని మించిన నమూనా ఉండదు.

సర్టిఫికెట్ ఉందిగా అంటే

‘ధ్రువపత్రం ఉందండీ, హోలోగ్రాం కూడా ఉంది’ అంటారు అమ్మేవాళ్లు. అమెరికాలో ఎఫ్‌బీఐ 1990ల చివర్లో ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేరుతో దొంగ ఆటోగ్రాఫుల ముఠాను పట్టుకుంది. ఆటగాళ్ల సంతకాలతోపాటు మదర్ థెరిసా సంతకం చేసిందంటూ అమ్మిన బేస్‌బాల్ బంతులు కూడా అందులో దొరికాయి. ఆ సరుకుతోపాటు ధ్రువపత్రాలూ వాళ్లే తయారు చేసుకున్నారు. సంతకం చేయగలిగినవాడికి సర్టిఫికెట్ ఒక లెక్కా? ఇచ్చిన సంస్థ ఏది, ఆ నంబరు వాళ్ల రికార్డుల్లో ఉందా, ఫోటోలో ఉన్న వస్తువు ఇదేనా అని నేరుగా వాళ్లనే అడిగి తెలుసుకోవాలి.

1983లో జర్మన్ పత్రిక ‘స్టెర్న్’ అచ్చువేసిన హిట్లర్ డైరీల గొడవ ఇంకా పెద్ద పాఠం. వాటి చేతిరాత సరిపోయిందని నిపుణులు చెప్పారు. పోల్చడానికి వాళ్లకిచ్చిన నమూనాల్లో కొన్ని కూడా ఆ దొంగ కొన్‌రాడ్ కుజావ్ రాసినవే! చివరికి గుట్టు విప్పింది కాగితంలోని తెల్లదనపు రసాయనం. హిట్లర్ చనిపోయిన పదేళ్లకు వాడకంలోకి వచ్చింది అది. ఇంటర్నెట్‌లో దొరికిన సంతకం బొమ్మతో పోల్చి కొనేవాళ్లు ఈ కథను గుర్తుంచుకోవాలి. ఆ బొమ్మ ఎవరి చేతిదో ముందు తేలాలి కదా.

ఇక అమ్మేవాళ్ల కథ. ‘మా తాతగారు మద్రాసులో ప్రొడక్షన్‌లో చేసేవారండీ’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. తాడేపల్లిగూడెం నుంచి, ఏలూరు నుంచి మద్రాసు వెళ్లి సినిమాల్లో బతికినవాళ్లు ఎందరో ఉన్నారు. హాస్యనటుడు రేలంగిగారు స్థిరపడిన ఊరు తాడేపల్లిగూడెమే కదా. కాబట్టి ఆ మాట నిజమే కావచ్చు. గౌరవంగానే అడగండి: ఏ సంస్థలో చేశారండీ, ఏ సినిమాకు, ఏ సంవత్సరం? వాళ్లతో దిగిన ఫోటో ఏదైనా ఉందా? ఈ కాగితం ఇన్నాళ్లూ ఎవరి దగ్గరుంది? నిజమైన కుటుంబం ఇలాంటి ప్రశ్నలకు ఉత్సాహంగా చెబుతుంది, అడగనివి కూడా చెబుతుంది. ఒకే తాతగారి పెట్టెలోంచి వారానికొక మహానటుడి సంతకం బయటికి వస్తుంటే మాత్రం జాగ్రత్త. ‘చి. ఫలానాకు ఆశీస్సులతో’ అని పేరు పెట్టి చేసిన సంతకానికి మార్కెట్లో ధర కొంత తగ్గుతుంది. నాకు అవే ఇష్టం. ఆ పేరున్న మనిషిని వెతికి కథ సరిచూసుకోవచ్చు.

డబ్బు చేతికి ఇవ్వకుండా బ్యాంకు ద్వారానో యూపీఐలోనో పంపండి. వస్తువు వివరం, స్వహస్త సంతకమన్న మాట, కాదని తేలితే సొమ్ము వాపసు అన్న షరతు, ఈ మూడూ రాయించి అమ్మినవాళ్ల సంతకం తీసుకోండి. అలా రాసిన కాగితం ఉంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా, పోలీసు స్టేషన్‌కు వెళ్లినా దారి ఉంటుంది.

గాంధీజీ సంతకం మన ప్రాంతంలో దొరికే అవకాశం ఉన్నదే. 1921 ఏప్రిల్‌లో ఆయన ఏలూరు వచ్చారు, ఇక్కడ ఆయన పేరుతో జాతీయ విద్యాలయం వెలిసింది. 1933 చివర హరిజన యాత్రలో ఆంధ్ర జిల్లాల్లో తిరిగారు. సంతకం అడిగినవాళ్ల దగ్గర హరిజన నిధికి ఐదు రూపాయలు తీసుకునేవారు. అప్పటి ఆల్బం ఎవరింట్లోనైనా ఉంటే అది చరిత్ర. అయితే చారిత్రక విలువ ఉన్న చేతిరాత కాగితానికి డెబ్బై అయిదేళ్లు నిండితే 1972 నాటి చట్టం ప్రకారం అది పురావస్తువు. దాన్ని దేశం దాటించడం నేరం, వ్యాపారానికి లైసెన్సు కావాలి. విదేశంలో ఉన్న బంధువు కొంటానన్నాడని పార్సిల్ కట్టేయకండి.

ఇన్ని పరీక్షలు చెప్పాక కూడా ఒక కొరత మిగిలే ఉంది. పోల్చి చూసుకోవడానికి అనుమానం లేని నమూనాలు మామూలు మనిషికి అందుబాటులో లేవు. ప్రముఖులు వచ్చినప్పుడు అభిప్రాయం రాసి సంతకం చేసే పుస్తకం పెట్టే అలవాటు మన కాలేజీలకు, గ్రంథాలయాలకు, దేవస్థానాలకు ఉంది. తేదీ, సందర్భం, సాక్షులు అన్నీ ఉన్న సంతకాలవి. అవి అల్మారాల్లో చెమ్మకు పాడవకముందే ఒక్కో పేజీ ఫోటో తీసి, పక్కన తేదీ రాసి, అందరూ చూసేలా పెట్టాలి. ఏలూరు, తాడేపల్లిగూడెం, గుడివాడ కాలేజీల్లో చరిత్ర చదివే పిల్లలకు దీన్ని ఒక ప్రాజెక్టుగా ఇస్తే, ఫోన్ కెమెరాలతోనే ఒక వేసవి సెలవుల్లో చాలావరకు పూర్తయ్యే పని ఇది.